పోకుండా రాసిన అంకె

భూమి లోపల ఎంత వేడిగా ఉందో కొలిచి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. ముప్పై రెండేళ్లు ఆ పనే చేశాను. భూమికి తొంభై కిలోమీటర్ల ఎత్తున ఎంత చలిగా ఉందో లెక్కకట్టి రాయడం మా చిన్నమ్మాయి చదువు. తండ్రి పాతాళానికి, కూతురు ఆకాశానికి. మా ఆవిడ ఈ రెంటికీ మధ్య వంటింట్లో నిలబడి, "ఈ పొయ్యికాడి వేడి మాత్రం ఎవ్వలు కొలువరు" అంటూ ఉంటుంది. మే నెలలో గోదావరిఖని వంటిల్లు చూసినవారెవరూ ఆ మాట కాదనలేరు.

మా ఊరు ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. రామగుండం పక్కన, గోదావరి ఒడ్డున ఉన్న ఊరు మాది. ఊరి కింద బొగ్గు. ఊరి పక్కన ఆ బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రపు పొగగొట్టాలు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటిందని పేపర్లో పడితే మేము ఆశ్చర్యపోము. దాటని రోజున ఆశ్చర్యపోతాము. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, 'బాయి' అంటారు. "మా ఆయన బాయికి పోయిండు" అంటే నీళ్లు తోడడానికి పోయాడని కాదు, డ్యూటీకి దిగాడని అర్థం. కొత్తగా కాపురానికి వచ్చిన కోస్తా కోడళ్లు ఈ మాట విని కంగారుపడ్డ కథలు కాలనీలో చాలా ఉన్నాయి. అదలా ఉంచండి.

బాయిలో గాలి సంగతి చూసే విభాగంలో నా పని. నా చేతిలో ఎప్పుడూ ఒక గిలకలాంటి సాధనం ఉండేది. దాన్ని హైగ్రోమీటరు అంటారు. అందులో రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. తిరునాళ్లలో పిల్లలు గిలక తిప్పినట్టు నిమిషం పాటు గిరగిర తిప్పి, రెండు అంకెలూ చూసుకోవాలి. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డ ఆరుతూ ఆ థర్మామీటరు కిందికి దిగుతుంది. గాలి నిండా తేమ ఉంటే రెండూ ఒక్కచోటే నిలుస్తాయి. అలా నిలిచాయంటే మనిషి ఒంటిమీది చెమట కూడా ఆరదన్నమాట. ఆరని చెమట బిందెలకొద్దీ కారినా ఒంటిని చల్లబరచదు. అందుకే బాయిలో పొడి లెక్క కంటే తడి లెక్క ముఖ్యం. అప్పట్లో అమలులో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పనిచోట తడి లెక్క 33.5 డిగ్రీలు దాటకూడదని ఉండేది. 30.5 దాటిందా, అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదులుతూ ఉండాలి.

ఈ రెండంకెల మధ్య మనుషుల ప్రాణాలున్నాయని నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "పోయి చూసి రాయి. పోకుండ రాయకు."

ఆ మాట నేను ఒకే ఒక్కసారి తప్పాను. ఆ సంగతి తరవాత.

మా చిన్నమ్మాయి ఫిజిక్సులో ఎమ్మెస్సీ అయ్యాక, పరిశోధన చేస్తానని తిరుపతి వెళ్లింది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013 ఆగస్టులో ఉల్కల రాడారు ఒకటి పెట్టారు. దానితో పైగాలిలో రోజురోజుకూ వేడి ఎలా మారుతోందో లెక్క తీయడం తన పని. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పింది. నేను మొదట అడిగిన ప్రశ్న, బాయిలో ముప్పై ఏళ్లు నలిగినవాడు ఎవడైనా అడిగేదే.

"అక్కడికి ఎవరు పోతరు, బిడ్డా?"

"ఎవ్వరు పోరు, బాపూ. పోలేరు గూడ."

"మరి పోకుండ ఎట్ల రాస్తరు?"

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికేమీ అనలేదు కానీ, ఇంత చదువు చదివించింది పోని చోటి అంకెలు రాయడానికా అని లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లు ఎక్కడినుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

తను చెప్పినదాంట్లో ఒక ముక్క మాత్రం నాకు అప్పుడే నచ్చింది. ఆ 90 కిలోమీటర్ల చోటు ఎవరికీ చెందని చోటట. బెలూన్లు 30, 35 కిలోమీటర్ల దాకా పోయి పగిలిపోతాయి. ఉపగ్రహం అంత కిందికి దిగితే గాలి రాపిడికి నిలవదు, కాలి కూలిపోతుంది. విమానాల మాట చెప్పనే అక్కరలేదు. రాకెట్టు పోగలదు గానీ ఆ పొరలో నిమిషాల కంటే ఎక్కువ ఉండదు. కేరళలో తుంబా నుంచి 1963 నవంబరు 21న మనదేశంలో మొదటి రాకెట్టు ఎగిరింది. తరవాత 1970లలో, 80లలో వారానికొకటి చొప్పున రష్యావారి రాకెట్లు అక్కడినుంచే పైకి పంపి గాలి వేడి చూసేవారు. వారానికి ఒకసారి చూస్తే రోజువారీ మార్పు తెలిసేదెట్లా? సోమవారం పూట చూసి బాయి మొత్తం వారానికీ అదే అంకె రాస్తే ఊరుకుంటారా?

2018 డిసెంబరులో మా ఆవిడ మొక్కు ఒకటి తీర్చడానికి రామగుండంలో రైలెక్కి తిరుపతి వెళ్లాము. కొండ దర్శనం అయ్యాక మా ఆవిడ బంధువుల ఇంట్లో నడుం వాల్చింది. నేను అమ్మాయి వెంట రాడారు చూడబోయాను. రాడారంటే గుండ్రంగా తిరిగే పెద్ద పళ్లెం ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే ఖాళీ స్థలంలో ఇంటి మీద పాత టీవీలకు పెట్టుకున్న ఆంటెన్నాల వంటివి, కాస్త పెద్దవి, అడ్డంగా నిలువుగా కమ్మీలు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. ఒకటి పైకి రేడియో అలలు పంపేది. మిగతా అయిదూ తిరిగి వచ్చినవాటిని అందుకునేవి. అయిదింటికీ ఒకే అల కాస్త కాస్త తేడాతో చేరుతుంది కనుక, అది ఏ దిక్కునుంచి, ఎంత ఎత్తునుంచి వచ్చిందో తేలిపోతుందట. అక్కడ చప్పుడు లేదు, పొగ లేదు. ఆంటెన్నా నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. నిజం చెప్పొద్దూ, కొంచెం నిరుత్సాహపడ్డాను.

"ఇట్ల పగటి పూట కాదు బాపూ, తెల్లారగట్ల రా. అప్పుడు చూస్తే తెలుస్తది" అంది.

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు, మంకీ క్యాప్ పెట్టుకుని, మా అమ్మాయి పక్కన కంప్యూటరు ముందు కూచున్నాను. నల్లటి తెర మీద చుక్కలు పడుతున్నాయి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క ఉల్క. ఆకాశంలో నక్షత్రం రాలిందని మనం చెప్పుకునేదే, కానీ ఇవి కంటికి కనపడని చిన్నవి. చాలావరకు ఇసుక రేణువంత కూడా ఉండవు. సెకనుకు 11 కిలోమీటర్ల నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిలో పడతాయి. 110 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తు మధ్య భగ్గుమని ఆవిరైపోతాయి. పోతూ పోతూ విద్యుత్తు నిండిన సన్నని చార ఒకటి వదులుతాయి. పైకి పంపిన రేడియో అల ఆ చారకు తగిలి వెనక్కి వస్తుంది. రోజుకు ఇలాంటివి వేలకొద్దీ దొరుకుతాయి.

తెల్లవారుజామునే ఎందుకు ఎక్కువ అని అడిగాను. "వానలో బస్సు పోతుంటే ముందరి అద్దానికే గదా చినుకులు ఎక్కువ కొట్టేది" అంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, తెల్లవారుతున్న వైపు దానికి ముందరి అద్దం. సాయంత్రం అయ్యేవైపు వెనక అద్దం. అందువల్ల పొద్దున ఆరు ప్రాంతంలో ఉల్కలు హెచ్చు, సాయంత్రం ఆరు ప్రాంతంలో తక్కువ. నాకు మా మొదటి షిఫ్టు గుర్తొచ్చింది. అదే వేళకు మా ఊళ్లో టిఫిను డబ్బాలు పట్టుకుని, సైకిళ్ల మీదా మోటారు సైకిళ్ల మీదా జనం ఒక్కసారిగా బాయి దారి పడతారు. పైన కూడా మొదటి షిఫ్టే బలమైనదన్నమాట.

"సరే, రాలినయి, కాలినయి. అందులో వేడి ఎక్కడున్నది?" అన్నాను.

"వేడి, ఆ చార ఎంతసేపు ఉన్నదనే దాంట్ల ఉన్నది."

ఇక్కడ పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. అసలు కీలకం ఇదే. ఆ చార పుట్టిన క్షణం నుంచే చుట్టూ ఉన్న గాలిలోకి విచ్చుకుపోతూ పలచబడుతుంది. తిరుగు అల బలం తగ్గి తగ్గి మాయమవుతుంది. 90 కిలోమీటర్ల దగ్గర ఈ వ్యవహారమంతా సెకనులో పదోవంతు ప్రాంతంలో ముగుస్తుంది. గాలి వేడిగా ఉంటే అణువుల పరుగు ఎక్కువ, చార త్వరగా విచ్చిపోతుంది. చల్లగా ఉంటే కాస్త నిలుస్తుంది. అయితే వేడి ఒక్కటే కాదు, గాలి పలచన అయినా చార త్వరగానే పోతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతూనే ఉంటుంది. మరి ఏది వేడి వల్ల, ఏది పలచదనం వల్ల? అందుకని వేల ఉల్కలను తీసుకుని, ఏ ఎత్తులో పుట్టిన చార ఎంతసేపు నిలిచిందో చుక్కలుగా వేస్తారు. ఆ చుక్కల గుంపులోనుంచి ఒక గీత గీస్తారు. ఆ గీత వాలును బట్టి ఆ రోజు అక్కడి వేడి తేలుతుంది. మైనస్ 80 డిగ్రీలు, దానికి అటూ ఇటూ.

నేను కుర్చీలో కొంచెం ముందుకు జరిగాను. ఎందుకంటే ఈ పని నేనూ చేశాను. బాయిలో గాలి మరీ నెమ్మదిగా ఉన్నచోట గాలిమర యంత్రం తిరగదు. అప్పుడు చిన్న గొట్టంలోనుంచి పొగ వదిలి, అది ఎన్ని సెకన్లలో ఎంత దూరం సాగిందో గడియారం పట్టుకుని చూసేవాళ్లం. గాలిని ఎవడూ చూడలేదు, పొగను చూసి గాలి లెక్క రాశాము. మా అమ్మాయి చేస్తున్నదీ అదే. పొగ మాత్రం దేవుడు వదులుతున్నాడు.

కానీ నా ముల్లు పూర్తిగా దిగలేదు. "మీ లెక్క తప్పయితే ఎట్ల? పోయి చూసినోడు లేడు గదా."

"అందుకే ఒక్కదాన్ని నమ్మం, బాపూ" అంది. 2001 డిసెంబరులో అమెరికావారు పంపిన టైమ్‌డ్ అనే ఉపగ్రహం మీద సేబర్ అనే పరికరం ఉంది. అది పైనుంచి పక్కవాటుగా చూస్తూ, గాలి విడిచే కంటికి కనపడని వేడి కిరణాలను బట్టి అదే పొర ఉష్ణోగ్రత చెబుతుంది. అది తిరుపతి మీదుగా పోయిన రోజుల అంకెలను, తమ అంకెల పక్కన పెట్టుకుని చూస్తారట. రెండు దారుల్లో వచ్చినవాళ్లు ఒకే ఊరు చేరితే దారులు సరయినవేనని.

ఆ మధ్యాహ్నమే, ముందుగా అనుమతి తీసుకుని, చంద్రగిరి దాటి గాదంకి తీసుకెళ్లింది. ఎమ్మెస్టీ రాడారు పేరు పాఠకులు విని ఉంటారు. ఇప్పుడు ఆ కేంద్రాన్ని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంటున్నారు. కొండల నడుమ, పొలాల మధ్య, ఒక్కో పక్క 130 మీటర్ల మేర, వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 ఆంటెన్నాలు. నాట్లు వేసిన మడిలా ఉంది. 1990ల మొదట్లో మనవాళ్లే కట్టుకున్నారు. అక్కడ 1998లో జపానువారి సహకారంతో పెట్టిన లేజరు ఉంది. మబ్బులేని రాత్రి ఆకుపచ్చ వెలుగు పైకి వదిలి 30 నుంచి 80 కిలోమీటర్ల దాకా వేడి చూస్తారు. మబ్బు పట్టిందా, ఆ రాత్రి అంకె లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఇంకొకటి. కింది పొరల వేడి చూడడానికి అక్కడ శబ్దాన్ని పైకి పంపారట. సెకనుకు నూరు, నూట ఇరవై కంపనల మంద్రస్వరం. తంబురా మోత అనుకోండి. ఆ మోత గాలిలో పైకి పోతుంటే రాడారు దాని వెంటపడి వేగం చూస్తుంది. వేడిగాలిలో శబ్దం త్వరగా పోతుంది, చలిగాలిలో నెమ్మదిగా పోతుంది. వేగం తెలిస్తే వేడి తెలిసినట్టే. ఆకాశానికి తంబురా వినిపించి జ్వరం చూశారన్నమాట. ఈ మాట మా ఆవిడకు చెబితే, "మరి మందు ఏమిచ్చిన్రు?" అని అడిగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని అమ్మాయిని ఇంకో ప్రశ్న అడిగాను. ఇంతా చేసి రోజూ ఎందుకు చూడటం? నెలకోసారి చూస్తే చాలదా?

అప్పుడు చెప్పింది. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే గాలికీ ఉన్నాయట. పగలు సూర్యుడు కింద ఉన్న తేమనూ, 50 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్న ఓజోనునూ వేడి చేస్తాడు, రాత్రి విడిచిపెడతాడు. ఆ రోజువారీ ఊపు అలగా పైకి పాకుతుంది. పైన గాలి పలచన కనుక ఊపు పెరుగుతుంది. కొరడా పిడి కొంచెం కదిలిస్తే కొస ఎంత విసురుగా ఊగుతుంది, అలాగ. అందుచేత ఆ ఎత్తున ఒక్క రోజులోనే పది ఇరవై డిగ్రీలు ఎక్కడమూ దిగడమూ ఉంటుంది. మన మధ్యాహ్నం దానికి మధ్యాహ్నం కాదు.

"ఈ ఊపు కింద ఇంకో చిన్న మార్పు దాక్కున్నది బాపూ. దానికోసమే అందరు చూస్తున్నరు. అది మన ఊరికి సంబంధించినదే."

"మన ఊరికా?"

"బొగ్గు."

మా చిన్నప్పటి సైన్సు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. బొగ్గు కాలిస్తే వచ్చేది. అది కింద దుప్పటిలా కప్పి వేడిని పట్టి ఉంచుతుందని ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. కానీ అదే వాయువు పైన, గాలి పలచబడ్డ చోట, వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుందట. అంటే కింద కాగుతుంటే పైన చల్లబడుతుంది. 1989లో రోబుల్, డికిన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కవేసి, బొగ్గుపులుసు వాయువు, మీథేను రెట్టింపైతే ఆ మీసోస్ఫియర్ పొర పది డిగ్రీల దాకా చల్లబడుతుందని రాశారు. తరవాత ఉపగ్రహాలు చూసినప్పుడు అక్కడ చల్లబడటం నిజమేనని తేలింది. అయితే ఏడాదికి ఎంత? పదేళ్లకు ఒక డిగ్రీ, కాస్త అటూ ఇటూ.

రోజుకు ఇరవై డిగ్రీలు ఊగే చోట, పదేళ్లకు ఒక డిగ్రీ జారడం కనిపెట్టాలి! నేను తవ్వించిన బొగ్గు కూడా అందులో ఒక పిసరు ఉండే ఉంటుంది. నాకేమనిపించిందో సరిగ్గా చెప్పలేను. సిగ్గు అందామంటే, ఆ జీతంతోనే ఇది చదువుకుంది. మా ఊళ్లో దీపాలు వెలిగినా, తిరుపతిలో రాడారు వెలిగినా బొగ్గే.

"మొన్న నాలుగు రోజుల అంకెలు తీసేసిన, బాపూ. చుక్కలు గీత మీద కూచోలేదు. ఏదో తేడా ఉన్నది" అంది అమ్మాయి, మామూలుగా.

"తీసేస్తే ఆ రోజులకు ఏం రాసినవ్?"

"ఏం రాయలే. ఖాళీ."

"మీ పుస్తకంల ఖాళీ ఉంటే పెద్దోళ్లు ఏమనరా?"

"ఖాళీ ఉంటే ఖాళీ అని తెలుస్తది గద. తప్పు అంకె పెట్టిననుకో, అది తప్పని పదేండ్లకు గూడ ఎవ్వరికి తెల్వదు."

బస్సు చంద్రగిరి దగ్గర ఆగింది. జామకాయలవాడు ఎక్కి దిగాడు. నేను ఇరవై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి మా అమ్మాయికి అప్పుడు చెప్పాను.

1991 మే నెల. రెండో షిఫ్టు. ఆ వారం మూడు చోట్ల గాలి చూసి రాయాలి. రెండు చూశాను. మూడోది చివరన, దిగువకు రెండు ఫర్లాంగుల నడక. మంథనిలో మా మేనమామ కొడుకు పెళ్లి, ఆఖరు బస్సు అందుకోవాలి. కిందటి వారం అక్కడ తడి లెక్క 30 ఉంది. 30.5 అని రాశాను. కొంచెం పెంచి రాశాను కదా, అన్యాయం చేయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను కూడా. బస్సు అందింది. పెళ్లిభోజనం బాగుంది.

ఆ రాత్రి మూడో షిఫ్టులో, అదే చోట, బొగ్గు నింపే మనిషి ఒకాయన వేడికి సొమ్మసిల్లి పడిపోయాడు. గాలి మళ్లించడానికి కట్టిన గుడ్డ ఒకటి ఊడి కిందపడి, గాలి అసలు అక్కడిదాకా పోవడం లేదు. నేను పోయి ఉంటే చూసేవాణ్ణి. రెండు రోజులకు ఆయన లేచి కూచున్నాడు, ప్రాణానికేమీ కాలేదు. "గాలి ఆడతలేదు, ఊపిరి అందలే" అని చెప్పాడు. తోటివాళ్లు నా పుస్తకం చూశారు. 30.5. అంతా సరిగానే ఉంది. "గాలి మంచిగనే ఉన్నది, వీడే తాగి దిగి ఉంటడు" అన్నారు. ఆయన మాలవేసుకునే భక్తుడు, చుక్క ముట్టడు. అయినా అంకె మాట ముందు మనిషి మాట నిలవలేదు. తరవాత చాలా ఏళ్లు ఆయన వెనకాల ఆ మాట నడిచింది. నేను విన్నాను. విని ఊరుకున్నాను. గుడ్డ ఎప్పుడో మళ్లీ కట్టారు. అది ఎప్పుడు ఊడిందో ఎవరూ అడగలేదు.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఓదారుస్తుందేమోనని నాకు లోపల ఆశ. "ఆయన ఉన్నడా బాపూ?" అని అడిగింది.

"ఉన్నడు. మన ఇంటికి రెండు గల్లీల అవుతల."

"ఆయనకు చెప్పినవా?"

లేదన్నాను. అది ఇంకేమీ అడగలేదు. కిటికీలోంచి చూస్తూ కూచుంది.

ఊరు చేరిన వారానికి కానీ నా కాళ్లు అటు కదలలేదు. ఆయన అరుగు మీద కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. "రాండ్రి సారూ" అని చాప జరిపాడు. నేను కూచుని, ఆ పెళ్లి సంగతి, బస్సు సంగతి, అంకె సంగతి చెప్పాను. ఆయన చేతులు ఆగాయి.

"గాలి లేదని నేను చెప్పిన గద సారూ" అన్నాడు.

"చెప్పినవ్, అన్నా."

"ఎవ్వలు వినలే."

మళ్లీ కాస్సేపు ఊరుకుని, లోపలికి తిరిగి, "ఓ లచ్చవ్వా, పిల్లగాన్ని గూడ పిలు. ఈ సారు ఏమో చెప్తున్నడు, వినుండ్రి" అని కేకేశాడు. భార్యా, నలభై ఏళ్ల కొడుకూ వచ్చి గడపలో నిలబడ్డారు. "మల్ల చెప్పుండ్రి సారూ" అన్నాడాయన. మొదటిసారి చెప్పడం ఒక ఎత్తు, రెండోసారి చెప్పడం ఒక ఎత్తు. పెళ్లిభోజనం మాట కూడా వదలకుండా చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి పోయింది. మా వైపు ఇంటికి వచ్చినవాణ్ణి చాయ్ ఇవ్వకుండా పంపరు. ఆ రోజు నాకు చాయ్ రాలేదు. ఆయన మాత్రం గేటు దాకా వచ్చి, "మీ బిడ్డ మంచిగున్నదా?" అని అడిగాడు. తిరుపతిలో చదువుతోందని చెప్పాను.

ఆ జనవరి నుంచి మా అమ్మాయి పొద్దున్నే ఫోనులో ఒక అంకె పంపేది. అంతకుముందు రోజు 90 కిలోమీటర్ల దగ్గర వచ్చిన లెక్క. నేను అట్టపుస్తకం ఒకటి కొని మూడు గడులు గీశాను. మొదటిది తేదీ. రెండోది ఏడు గంటలకు మా మిద్దె మీద నేను చూసిన వేడి. మూడోది తిరుపతి ఆకాశానిది. పక్కపక్కన 24, మైనస్ 81. 25, మైనస్ 77. అలా పేజీలు నిండాయి. మా ఆవిడ దాన్ని చిట్టీల పుస్తకం అనుకుని ఒకసారి అనుమానించింది కూడా.

ఏప్రిల్లో ఒకరోజు అంకె బదులు మాట వచ్చింది. "నిన్నటిది లేదు బాపూ. చుక్కలు సరిగ లేవు." కిందటి వారం అంకెలు నా ముందే ఉన్నాయి. ఎంత ఉండి ఉంటుందో నాకు సుమారుగా తెలుసు. తేదీ రాశాను. మిద్దె మీది 31 రాశాను. పుస్తకం మూసేలోగా మా ఆవిడ చాయ్ తెచ్చి, భుజం మీదుగా వంగి చూసి, "ఇది మరిచిపోయినవ్" అని మూడో గడి మీద వేలు పెట్టింది.

"మరువలే" అన్నాను.